గాలిలోంచి కార్బన్ తీయడం, ఎండకు అడ్డం పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

భూమి వేడెక్కుతోందన్న మాట రాగానే ఎవరో ఒకరు "యంత్రాలొచ్చాయిగా, అవే లాగేస్తాయి" అంటున్నారు. ఇంకొకరు "ఆకాశంలో ఏదో చల్లుతారట, చల్లబడిపోతుందట" అంటున్నారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో తేలాలంటే టన్నుల లెక్కలోకి దిగక తప్పదు. కింద ఉన్నవి ఎక్కువమంది అడిగే ప్రశ్నలే. జవాబులు కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో అయిపోతాయి.

కార్బన్ తొలగింపు, జియో ఇంజనీరింగ్ ఒకటేనా?

కాదు. కాకపోతే రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. గాలిలో ఇప్పటికే చేరిపోయిన కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తీసి, మళ్లీ గాలిలో కలవకుండా ఎక్కడో ఒకచోట దాచడం కార్బన్ తొలగింపు. ఆ గ్యాస్‌ను ఉన్నచోటే ఉంచి, భూమి మీద పడే ఎండలో కొంత వెనక్కి పంపేయడం సోలార్ జియో ఇంజనీరింగ్. బ్రిటన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ 2009 నాటి నివేదికలో ఈ రెండింటినీ వేరు చేసి చూపించింది. మొదటిది నిదానం, ఖరీదు, కానీ జబ్బు మూలానికి తగులుతుంది. రెండోది వేగం, చవక, కానీ మూలం జోలికే పోదు.

మేఘమథనం ఈ రెండింట్లో ఏదీ కాదు. అది ఒక ప్రాంతంలో ఒక పూట వాన కోసం చేసే ప్రయత్నం. దానికీ భూగోళం ఉష్ణోగ్రతకూ సంబంధం లేదు.

ఫ్యాక్టరీ పొగగొట్టం దగ్గరే గ్యాస్‌ను పట్టుకుంటే అది కూడా తొలగింపేనా?

ప్రకటనల్లో అలాగే కనిపిస్తుంది, కానీ కాదు. పొగగొట్టం దగ్గర పట్టుకుంటే కొత్తగా గాలిలో కలవబోయేది ఆగుతుంది. పాతది అలాగే ఉంటుంది. నార్వే సముద్రతీరానికి అవతల స్లైప్నర్ గ్యాస్ క్షేత్రంలో 1996 నుంచి ఈ పని జరుగుతోంది. సహజవాయువుతో కలిసి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి, ఏటా దాదాపు 10 లక్షల టన్నుల చొప్పున సముద్రగర్భం కింది ఇసుకరాతి పొరల్లోకి పంపుతూ వచ్చారు. మంచి పనే. నిండుతున్న తొట్టికి కుళాయి కాస్త బిగించడం లాంటిది. తొలగింపు అంటే తొట్టిలోంచి నీళ్లు తోడటం.

గాలిలో అసలు ఎంత ఉంది? తోడటం అంత కష్టమా?

ప్రతి పది లక్షల గాలి అణువుల్లో ఇప్పుడు సుమారు 425 కార్బన్ డయాక్సైడ్‌వి. బొగ్గు యుగం మొదలవక ముందు 280. హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు 315 దరిదాపుల్లో ఉంది.

ఈ అంకెలు చదివితే ఏమీ అర్థం కాదు, నాకూ మొదట్లో కాలేదు. అందుకే ఒక గదిని తీసుకుందాం. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. కిటికీలు తెరిచి ఉన్నాయి, లోపల ఉన్నది బయటి గాలే. ఆ గదిలోని గాలి మొత్తం తూస్తే 57 కిలోల దాకా ఉంటుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ మాత్రం దాదాపు 36 గ్రాములు. ఒక్క గ్రాము కూడా వదలకుండా తీయగలిగినా, ఒక టన్ను పోగవ్వాలంటే ఇలాంటి గదులు 27 వేలకు పైగా ఖాళీ చేయాలి. మరోపక్క ఒక లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు వస్తుంది. అంటే అరవైకి పైగా గదుల్లో ఉన్నంత గ్యాస్ ఒక్క లీటరుతో బయటపడుతుంది. వదలడం తేలిక, ఏరడం కష్టం. మిగతా కథంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

గాలిలోంచి లాగే యంత్రం ఎలా పనిచేస్తుంది?

స్కూల్లో సున్నపు తేటలోకి స్ట్రాతో ఊదిన రోజు గుర్తుందా? మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి, నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ తెలుపు సున్నపురాయి పొడే. దాన్ని పోగుచేసి బాగా కాలిస్తే గ్యాస్ మళ్లీ బయటికొస్తుంది, సున్నం తిరిగి చేతికొస్తుంది. పట్టుకోవడం, వేడిచేసి విడిపించడం, మళ్లీ పట్టుకోవడం. ఏ కంపెనీ యంత్రం చూసినా లోపల జరిగేది ఇంతే. జలాంతర్గాముల్లో మనుషులు వదిలిన గాలిని శుభ్రం చేసే పద్ధతీ ఈ కోవలోదే.

ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ అనే స్విస్ కంపెనీ 2021లో ఓర్కా అనే ప్లాంటు తెరిచింది. కంటైనర్లంత పెట్టెలు, వాటికి పెద్ద పెద్ద ఫ్యాన్లు. ఫ్యాన్లు గాలిని లోపలికి లాగుతాయి, లోపలి ఫిల్టరు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. ఫిల్టరు నిండాక పెట్టె మూసేసి సుమారు 100 డిగ్రీలకు వేడిచేస్తారు. అప్పుడు విడుదలైన గ్యాస్‌ను పైపుల్లో పంపుతారు. వేడీ కరెంటూ పక్కనున్న భూతాప విద్యుత్ కేంద్రం నుంచి వస్తాయి. ఓర్కా సామర్థ్యం ఏడాదికి 4,000 టన్నులు. 2024లో దాని పక్కనే మొదలైన మామత్ సామర్థ్యం 36,000 టన్నులు.

ప్రపంచం బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి, సిమెంటు చేసి ఏటా వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. సెకనుకు పన్నెండు వందల టన్నుల దగ్గర. మామత్ ఏడాదంతా ఏ ఆటంకం లేకుండా పూర్తి సామర్థ్యంతో నడిస్తే, మనం అర నిమిషంలో వదిలేంత తీస్తుంది.

అలాంటివి వేలకొద్దీ కట్టేస్తే?

కట్టొచ్చు. కరెంటు ఎక్కడిది అన్నదే ప్రశ్న. ఒక టన్నును గాలిలోంచి వేరుచేయడానికి భౌతికశాస్త్రం ఒప్పుకునే కనీస ఖర్చు సుమారు 125 యూనిట్లు. అసలు యంత్రాలకు వేడీ కరెంటూ కలిపి 2,000 యూనిట్ల దాకా అవుతోంది. ఏటా వెయ్యి కోట్ల టన్నులు తీయాలనుకుంటే, ఈ లెక్కన ఇవాళ ప్రపంచం ఉత్పత్తి చేస్తున్న మొత్తం కరెంటులో మూడింట రెండొంతులంత శక్తి కావాలి. ఆ శక్తి బొగ్గు నుంచి తెస్తే అసలుకే ఎసరు.

ధర సంగతి: టన్నుకు వంద డాలర్ల లోపుకు దించాలని అమెరికా ఇంధన శాఖ 2021లో లక్ష్యం పెట్టుకుంది. ఇప్పటి ధరలు దానికి ఎన్నో రెట్లున్నాయి. సోలార్ ప్యానెళ్లు చవకైనట్టే ఇదీ అవుతుందని కొందరి ఆశ. నాకు అంత నమ్మకం లేదు. ప్యానెల్ పూర్తిగా ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు. ఇక్కడ ఫ్యాన్లతో పాటు వేడి, పైపులు, బోర్లు, భూగర్భం అన్నీ కలవాలి.

నేలలోకి పంపిన గ్యాస్ మళ్లీ బయటికి రాదా?

భయం సహజమే. 1986లో కామెరూన్‌లోని న్యోస్ సరస్సు అడుగున పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారి పైకి ఎగదన్నింది. చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 1,700 మంది ఊపిరాడక చనిపోయారు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి పల్లంలో పరుచుకుంటుంది, అదే ప్రమాదం. ఊళ్ల పక్కనుంచి పైప్‌లైన్ వేసేటప్పుడు ఈ విషయం మర్చిపోకూడదు. 2020లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో అలాంటి పైపు ఒకటి పగిలి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు.

భూగర్భంలో కిలోమీటరుకు పైగా లోతున, పైన గట్టి రాతి మూత ఉన్న పొరల్లో పరిస్థితి వేరు. సహజవాయువు లక్షల ఏళ్లుగా నిలిచి ఉన్నది అలాంటి చోట్లే.

ఐస్‌లాండ్ పద్ధతి ఇంకో అడుగు ముందుకెళ్లింది. అక్కడ కార్బ్‌ఫిక్స్ అనే సంస్థ వాళ్లు గ్యాస్‌ను నీళ్లలో కరిగిస్తారు. అచ్చం సోడానే. ఆ సోడాను లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్ట్ రాతిలోకి దింపుతారు. సోడా పులుపుకి రాయి కొద్దిగా కరిగి కాల్షియం, మెగ్నీషియం వదులుతుంది. అవి కార్బన్‌తో కలిసి రాయిగా పేరుకుంటాయి. లోపలినుంచి తవ్వి తీసిన రాతి కడ్డీలను చూస్తే, నల్లటి బసాల్ట్‌లోని బొక్కల నిండా తెల్లగా సున్నపురాయి. ఇలా రాయి కావడానికి వందల ఏళ్లు పడుతుందనుకున్నారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయైపోయింది. ఇబ్బంది నీళ్లతోనే: టన్ను గ్యాస్‌కు సుమారు 25 టన్నుల నీళ్లు కావాలి.

ఇంత తంటా ఎందుకు? చెట్లు నాటితే పోలా?

నాటాలి. ఇవాళ ప్రపంచంలో మనిషి ప్రయత్నంతో జరుగుతున్న తొలగింపులో దాదాపు మొత్తం అడవుల పుణ్యమే. ఎండిన కట్టె బరువులో సుమారు సగం కార్బన్. అంటే ఒక కిలో ఎండు కట్టెలో గాలిలోంచి తీసిన 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాగి ఉన్నట్టు. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

కానీ చెట్టు తీసుకున్నది అప్పుగా తీసుకుంటుంది. కాలినా, కుళ్లినా, నరికినా తిరిగి ఇచ్చేస్తుంది. 2021లో అమెరికాలోని ఓరెగాన్‌లో చెలరేగిన బూట్‌లెగ్ కార్చిచ్చు, కార్బన్ క్రెడిట్ల (కంపెనీలు తాము వదిలిన కార్బన్‌కు బదులుగా కొని చూపించుకునే రసీదులు) కోసం లెక్కగట్టి అమ్మిన అడవినీ తగలబెట్టింది. క్రెడిట్లు కొన్న కంపెనీల పుస్తకాల్లో మాత్రం ఆ చెట్లు అప్పటికే ఖాతాలోకి ఎక్కేశాయి. పైగా భూగర్భంలో కోట్ల ఏళ్లు నిద్రపోయిన బొగ్గును కాల్చి, దాని బాకీని వందేళ్లు బతికే చెట్టు మీద రాయడం ఎలా కుదురుతుంది? అడవులు నరకడం వల్ల పోయిన కార్బన్‌ను అడవులు వెనక్కి తేగలవు. బొగ్గు బాకీ తీర్చడానికి వాటిని వాడుకుంటే ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది.

మంచు కప్పే ఉత్తరాది నేలల్లో ఇంకో చిక్కు. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది, ముదురు రంగు చెట్లు పీల్చుకుంటాయి. అక్కడ అడవి పెంచితే కొన్నిచోట్ల చల్లబడకపోగా వేడే పెరగొచ్చు.

రాతిపొడి, బయోచార్ అంటున్నారు. అవేమిటి?

బయోచార్ అంటే పంట చెత్తనో కట్టెనో గాలి తగలకుండా కాల్చి చేసిన బొగ్గు. కుళ్లితే కొన్నేళ్లలో గాలిలో కలిసిపోయే కార్బన్ ఈ రూపంలో నేలలో చాలాకాలం ఉంటుంది. అమెజాన్ అడవుల్లో పూర్వీకులు బొగ్గు కలిపిన నల్లటి నేలలు వందల, వేల ఏళ్ల తర్వాత ఇప్పటికీ సారంగా ఉన్నాయి. కొత్త పద్ధతుల్లో ఇప్పుడు నిజంగా టన్నులు చూపిస్తున్నది ఎక్కువగా ఇదే. ఫ్యాన్ల ఫొటోలంత ఆకర్షణ దీనికి లేదు కాబట్టి వార్తల్లోకి రాదు.

రాతిపొడి కథ ఇంకా పాతది. వాన నీరు రాళ్లను అరగదీసేటప్పుడు ఏటా సుమారు వంద కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలోంచి దానంతటదే పోతుంది. రాయిని పొడి చేసి పొలాల్లో చల్లితే ఆ పని వేగంగా జరుగుతుంది. మట్టికీ కొంత మేలు. ఎలాన్ మస్క్ ఫౌండేషన్ డబ్బుతో పెట్టిన ఎక్స్‌ప్రైజ్ కార్బన్ తొలగింపు పోటీలో 2025లో 5 కోట్ల డాలర్ల మొదటి బహుమతి ఈ పద్ధతి మీద పనిచేసే మాటి కార్బన్‌కు దక్కింది. అసలు చిక్కు కొలవడంలో ఉంది. పైపులోంచి పోయే గ్యాస్‌కు మీటరు పెట్టొచ్చు. వేల పొలాల మట్టిలో, అక్కడినుంచి ఏరుల్లో, చివరికి సముద్రంలో ఎంత కార్బన్ చేరిందో ఏ మీటరు చెబుతుంది?

సముద్రంలో ఇనుము కలిపితే నాచు పెరిగి కార్బన్ లాగుతుందట, నిజమేనా?

సగం నిజం. కొన్ని సముద్రాల్లో మిగతా పోషకాలన్నీ ఉన్నా ఇనుము లేక నాచు పెరగదు. "సగం ట్యాంకరు ఇనుమివ్వండి, మంచుయుగం తెచ్చిస్తా" అని జాన్ మార్టిన్ అనే శాస్త్రవేత్త 1988లో చమత్కరించాడు. ఆ మాటే ఎన్నో ప్రయోగాలకు ఊపునిచ్చింది.

వాటిలో ఒకటి 2009లో భారత్, జర్మనీ కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో చేసిన లోహాఫెక్స్. పేరులో ఉన్నది మన లోహమే; హిందీలో లోహా అంటే ఇనుము. పోలార్‌స్టెర్న్ నౌక మీద వెళ్లి సుమారు 300 చదరపు కిలోమీటర్ల నీటి సుడిలో ఇనుప లవణం కలిపారు. నాచు పెరిగింది. కానీ గట్టి పెంకు ఉండి, చచ్చాక బరువుగా అడుక్కి దిగే డయాటమ్‌లు అనే రకం నాచు పెరగలేదు. వాటి పెంకుకు కావలసిన సిలికా ఆ నీటిలో అప్పటికే అయిపోయింది. పెరిగిన మెత్తటి నాచును చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులు మేసేశాయి. లోతుకు దిగిన కార్బన్ చాలా తక్కువ. విఫలమైందని కొందరు ఎద్దేవా చేశారు. నా దృష్టిలో ఇంత స్పష్టంగా జవాబు ఇచ్చిన ప్రయోగాలు ఈ రంగంలో అరుదు.

సముద్రంలో క్షారగుణం పెంచి అది మరింత కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునేలా చేసే ఆలోచన వేరే ఉంది. గాలిలో ఉన్న కార్బన్‌కు సుమారు 50 రెట్లు సముద్రంలో ఉంది కాబట్టి జాగాకు కొదవ లేదు. కొలత సమస్య మాత్రం అక్కడా ఉంది.

ఇప్పటిదాకా ఎంత తీశారు, ఎంత తీయాలి?

ఏటా సుమారు 200 కోట్ల టన్నులు, దాదాపు అంతా అడవులదే. యంత్రాలు, బయోచార్, రాతిపొడి లాంటి కొత్త పద్ధతులన్నీ కలిపితే 13 లక్షల టన్నుల దగ్గర అని 2024 నాటి అంచనా. ప్రపంచం ఇరవై నిమిషాల్లో వదిలేదానికన్నా తక్కువ.

ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపే దారుల్లో ఈ శతాబ్దంలో మొత్తం 10 వేల కోట్ల నుంచి లక్ష కోట్ల టన్నుల దాకా తీయాల్సి ఉంటుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2018లో చెప్పింది. ఎంత ఆలస్యంగా తగ్గిస్తే అంత ఎక్కువ తీయాలి.

తీసేస్తే భూమి చల్లబడుతుందా?

చల్లబడుతుంది, నిదానంగా. లక్ష కోట్ల టన్నులు వదిలితే సుమారు 0.45 డిగ్రీలు పెరుగుతుందని ఐపీసీసీ లెక్క. తిరగేస్తే ఒక్క 0.1 డిగ్రీ తగ్గడానికి దాదాపు 22 వేల కోట్ల టన్నులు తీయాలి. ఇప్పటి వేగంతో ఆరేళ్లలో వదిలేంత. మరో సంగతి, గాలిలో తగ్గుతున్నకొద్దీ సముద్రం తాను దాచుకున్నదాన్ని కొంత తిరిగి వదులుతుంది. కరిగిన హిమానీనదాలూ, పెరిగిన సముద్రమట్టమూ ఆ వేగంతో వెనక్కి రావు.

మరి ఎండను తగ్గించే పని?

దీనికి ప్రకృతే డెమో ఇచ్చింది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలి, దాదాపు 1.5 నుంచి 2 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను స్ట్రాటోస్ఫియర్‌లోకి, అంటే మేఘాల కన్నా పైనుండే గాలి పొరలోకి ఎగజిమ్మింది. అక్కడ అది సన్నటి తుంపరగా మారి భూమిని చుట్టేసింది. మరుసటి ఏడాది ప్రపంచ సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ దాకా పడిపోయింది. రెండేళ్లలో తుంపర రాలిపోయింది, వేడి తిరిగొచ్చింది.

దీన్నే విమానాలతో చేద్దామని సోవియట్ శాస్త్రవేత్త బుడికో 1974లోనే అన్నాడు. ఓజోన్ పరిశోధనకు నోబెల్ పొందిన పాల్ క్రుట్జెన్ 2006లో దీనిమీద రాశాక చర్చ ఊపందుకుంది. ఏటా కొన్ని వందల కోట్ల డాలర్లతో అయిపోతుందని అంచనాలున్నాయి. ఒక మోస్తరు దేశం ఒంటరిగా భరించగల ఖర్చు. టెన్షన్ అంతా అక్కడే.

చవకైతే చేసేయొచ్చుగా?

మొదలుపెట్టాక ఆపలేం. కింద కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉండి, పైన తుంపర వేయడం హఠాత్తుగా మానేస్తే, దశాబ్దాల పాటు దాచిపెట్టిన వేడి కొద్ది ఏళ్లలో మీద పడుతుంది. యుద్ధం వచ్చినా, ప్రభుత్వం మారినా, డబ్బు లేకపోయినా విమానాలు ఎగురుతూనే ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ ఉండేది వందల, వేల ఏళ్లు. తుంపర ఉండేది ఏడాది, రెండేళ్లు.

వానల సంగతి ఇంకా సున్నితం. ఉత్తరార్ధగోళాన్ని మాత్రమే చల్లబరిస్తే భూమధ్యరేఖ దగ్గరి వాన పట్టీ దక్షిణానికి జరుగుతుంది. ఆఫ్రికాలోని సహేల్ ప్రాంతం 1900 తర్వాత చూసిన నాలుగు ఘోర కరువు వేసవుల్లో మూడింటికి ముందు ఉత్తరార్ధగోళంలో పెద్ద అగ్నిపర్వతాలు పేలాయని 2013లో ఒక పరిశోధన చూపింది. ఎవరి ఎండ తగ్గించడం కోసం ఎవరి వాన పోతుంది, దానికి జవాబుదారీ ఎవరు? రుతుపవనాల మీద బతికే వాళ్లెవరైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. సల్ఫర్ తుంపర ఓజోన్ పొరకు కూడా మంచిది కాదు. సముద్రం ఆమ్లంగా మారడం ఆగనే ఆగదు, ఎందుకంటే గ్యాస్ గాలిలోనే ఉంది.

అలాగని పరిశోధనే వద్దనడం నాకు సరిగ్గా తోచదు. తెలియకుండా ఎవరో ఒకరు మొదలుపెట్టేయడం కన్నా, ఏం జరుగుతుందో ముందే తెలిసి వద్దనడం మేలు.

విమానాల వెనక తెల్లటి గీతలు ఇదేనా?

కాదు. ఇంజిన్ పొగలోని నీటి ఆవిరి చలికి గడ్డకట్టిన మంచు గీతలవి. స్ట్రాటోస్ఫియర్ తుంపర కోసం భూమధ్యరేఖ దగ్గర 20 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కాలి. ప్రయాణికుల విమానాలు సాధారణంగా 12 దాటవు.

తెలియకుండా జరిగిన జియో ఇంజనీరింగ్ మాత్రం ఉంది: నౌకల పొగ. అందులోని సల్ఫర్ సముద్రం మీది మేఘాలను తెల్లబరిచి కొంత చల్లదనం ఇచ్చేది. ఊపిరితిత్తులకు విషం కాబట్టి 2020 జనవరి నుంచి నౌకల ఇంధనంలో సల్ఫర్ పరిమితిని 3.5 శాతం నుంచి 0.5కు తగ్గించారు. ఉపగ్రహ చిత్రాల్లో నౌకల వెనక మేఘపు చారలు బాగా తగ్గాయి.

ప్రయోగాలు జరిగాయా? అడ్డుకునే చట్టం ఉందా?

హార్వర్డ్ వాళ్లు బెలూన్‌తో కొద్దిపాటి కణాలు చల్లి చూద్దామనుకున్నారు. 2021లో స్వీడన్‌లో పరికరాల పరీక్షకే సామీ ఆదివాసుల మండలి అభ్యంతరం చెప్పింది. ఏమీ చల్లకుండానే 2024లో ఆ ప్రాజెక్టు మూతపడింది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని అలమీడాలో ఒక పాత యుద్ధనౌక మీదినుంచి మేఘాలను తెల్లబరిచే ఆలోచనతో ఉప్పునీటి తుంపర చల్లే పరీక్షను నగర మండలి ఆపించింది. ఒక స్టార్టప్ అడగాపెట్టకుండా బెలూన్లు వదిలితే మెక్సికో 2023లో ఇలాంటి ప్రయోగాలు నిషేధిస్తామని ప్రకటించింది. ఆస్ట్రేలియాలో మాత్రం పగడపు దిబ్బల మీద మేఘాలను తెల్లబరిచే పరీక్షలు 2020 నుంచి జరిగాయి.

కట్టుబడి ఉండాల్సిన అంతర్జాతీయ చట్టమంటూ ఇంకా లేదు. జీవవైవిధ్య ఒప్పందం దేశాలు 2010లో జాగ్రత్త పాటించాలని తీర్మానించాయి. 2024లో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ ఏ నిర్ణయానికీ రాలేకపోయింది.

అంతరిక్షంలో అద్దాలు?

15 లక్షల కిలోమీటర్ల దూరాన, కోట్ల టన్నుల సరుకు. ప్రస్తుతానికి వదిలేయండి.

విమాన టికెట్‌తో పాటు "కార్బన్ తొలగింపు" కొనమంటున్నారు. కొనాలా?

ముందు అది తొలగింపేనా, లేక ఎవరో నరకబోయిన అడవిని నరకకుండా ఆపామన్న హామీనా అడగండి. ధర ఒక్కటి చూసినా సగం తెలిసిపోతుంది: టన్ను కొద్ది డాలర్లకే వస్తోందంటే అది రాతిలో దాచిన కార్బన్ అయ్యే అవకాశం లేదు. ఎన్నేళ్లు దాస్తారు, కాలిపోతే ఎవరు పూచీ, అమ్మేవాళ్లు కాకుండా వేరెవరైనా తూచారా అన్నవి తర్వాతి ప్రశ్నలు. ఇక రసీదు చూడండి. దానిమీద "తీశాం" అని ఉందా, "తీస్తాం" అని ఉందా? యంత్రాలతో, రాతిపొడితో తీసే కార్బన్ మార్కెట్‌లో ఇప్పటిదాకా అమ్ముడైన టన్నుల్లో అత్యధికం రెండో రకమే.